వంకర నాలుగు

ఆ ఎండాకాలం మా ఇంట్లో నీళ్ళు అడగనిది ఆ కారొక్కటే. మదనపల్లెలో కొళాయి తొమ్మిది రోజులకొకసారి వచ్చేది. ట్యాంకరు వచ్చిందంటే పుంగనూరు రోడ్డు మీద బిందెల యుద్ధం. మా మెకానిక్ షెడ్డు ముందే క్యూ. అందులో నిలబడిన పాపక్క ప్రతిసారీ లోపలికి తొంగిచూసి, "నీ కారే మేలు ఫక్రుద్దీనప్పా! రేడియేటరూ ల్యా, దాహమూ ల్యా. మా ఇంట్లో నలుగురుండారు, ఎంత తెచ్చినా సాలదు" అనేది. మా నాయన తనను పొగిడినట్టే మురిసిపోయేవాడు.

పాపక్క చెప్పింది నిజమే. అది గాలితో చల్లబడే ఇంజను. 1958 మోడలు జర్మనీ కారు, పోర్షే. ఇంజను వెనక, డిక్కీ ముందు, సీట్లు రెండే. హార్స్లీ హిల్స్‌లో ఉండిన జర్మన్ డాక్టరమ్మ డెబ్బై నాలుగులో తన దేశానికి వెళ్ళిపోతూ, ఈ కారు మాట వినేది ఫక్రుద్దీన్ ఒక్కడిదే అని మా నాయన పేరున రాసిచ్చేసింది. సీట్లు రెండు, మేము ముగ్గురం. ఎక్కడికి పోయినా ఒకరు వెనక ఇరుకులో ఇంజను సెగకు ఉడకాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే. అందుకే ఆ కారంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట.

ఇది 2006 మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో పనిచేస్తున్నాను. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లోనూ తెలుగే. పేరు మెహ్‌నాజ్ అయినా నోరు మాత్రం అచ్చం పుంగనూరు సంతదేనని మా అమ్మ ఇమాంబీ తిడుతుంటుంది.

షెడ్డు ఉన్న జాగా చెంగయ్యది. ఇరవై తొమ్మిదేళ్ళుగా మాకు బాడుగకిచ్చాడు. ఆ ఏప్రిల్లో ఒకరోజు వచ్చి, బల్ల మీద కూర్చుని, టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టాక చెప్పాడు.

"ఫక్రుద్దీనూ, జాగా అమ్మేస్తాండానప్పా. టైల్సు షోరూము పెట్టేకి అడగతాండారు. నీకు ముందు సెప్పకుంటే తప్పు గదా. తొమ్మిది లక్షలిస్తే నీకే. జూను పదో తేదీ దాకా ఆగుతా."

మా నాయన సరేనని తలూపాడు. చెంగయ్య వెళ్ళిపోయాక పనిలో ఉన్న జీపును అలాగే వదిలేసి స్టూలు మీద కూర్చున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఆ షెడ్డులో ఏ రెంచి ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీస్తాడు. ఇంట్లో మాత్రం తన తువ్వాలెక్కడుందో మమ్మల్ని అడుగుతాడు. షెడ్డు పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు నిజంగా భయమేసింది.

మూడో రోజు ఆయనే అన్నాడు. "కారు అమ్మేద్దామమ్మా."

మా అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. నేను వేలం సైటు గురించి చెప్పాను. కంప్యూటర్లో పెడితే దేశంలో ఎక్కడివాళ్ళయినా చూసి పాట పాడతారని, పాత కార్ల పిచ్చోళ్ళు ఉంటారని, తొమ్మిదేమిటి, పది కూడా రావొచ్చని ఊరించాను. షెడ్డుకు సిమెంటు రేకులు వేయించడం దాకా వెళ్ళాను.

"ఆలూ ల్యా, సూలూ ల్యా, కొడుకు పేరు సోమలింగమంట" అంది మా అమ్మ. "ముందు అమ్మండి తల్లీ."

ఫోటో స్టూడియో శివకుమార్ దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి ఇరవై ఫోటోలు తీశాను. సైటులో ఒక ఫారం ఉంది. అందులో ఒక ప్రశ్న: ఇంజను మీది నెంబరూ, ఆర్సీ పుస్తకంలోని నెంబరూ ఒకటేనా?

ఫోన్ చేసి మా నాయనను అడిగాను.

"అచ్చం ఒగటే. ఒగ సున్నా గూడా తేడా ల్యా. నీకంత అనుమానముంటే వచ్చి సూసుకో."

నేను చూసుకోలేదు. అవునని టిక్కు పెట్టేశాను. ఊరుకోక, పుట్టినప్పటి ఇంజనే అని ఇంగ్లీషులో నా సొంత కవిత్వం కూడా చేర్చాను. పది రోజుల వేలం మొదలైంది.

మొదటి రెండు రోజులూ లక్షన్నర దాటలేదు. మూడో రోజు నాలుగైంది. ఐదో రోజు పొద్దున సెంటర్ తలుపు తీసి చూసేసరికి తొమ్మిది లక్షల ఇరవై వేలు. కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. పైన పాడినాయన పేరు కురియన్, కొట్టాయం, రబ్బరు తోటల ఆసామి. దాంతోపాటు ఒక చీటీ పంపాడు. ఇంజను నెంబరు ఫోటో దగ్గరగా తీసి పెట్టగలరా అని.

మధ్యాహ్నం కెమెరా పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను. మా నాయన వెనక మూత ఎత్తి, డైనమో కింద కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. అంకెలు మెరుస్తూ బయటపడ్డాయి. నేను వంగి చూశాను.

"ఈ నాలుగేంది నాయనా, కాలు వంకరపోయుండాది?"

ఆయన నవ్వాడు. నవ్వి, ఛాతీ ఇంత చేసుకుని అన్నాడు. "అది నాది."

"నీదేంది?"

"నా పనే మ్మా. నెంబరు మొత్తం నేను కొట్టిందే. ఎనభై ఒకటిలో కొండెక్కతా ఉంటే ఇంజను బాడీ పగిలిపాయ. బెంగుళూరు పాత సామాన్ల గుజిరీలో తిరగ్గా తిరగ్గా ఇదే మోడలు, గుద్దుకొని నుజ్జయిన బండి దొరికె. దాని ఇంజను పట్టుకొస్తి. దాని మింద దాని నెంబరుండాది గదా, ఆకురాయితో నున్నగా అరగదీసి, మన పుస్తకంలో నెంబరు కొడ్తి. అంకెలు కొట్టే పంచి పెట్టెలో నాలుగు అచ్చు ఇరిగిపోయుండె. సన్న ఉలితో ఆ ఒగ అంకె చేత్తో చెక్కినా. రవ్వంత వంకర వచ్చె. సూడు, ఆ నాలుగు తప్పిస్తే జర్మనీ వాడే కొట్టినట్టు ల్యా?"

"అట్ల ఎందుకు కొట్టినావు నాయనా?"

"ఎందుకేంది?" ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "పుస్తకంలో ఒగటి, ఇంజను మింద ఒగటి ఉంటే బండి రోడ్డెక్కనిస్తారా? ఇంజను మార్చినోళ్ళంతా నెంబరు కొట్టించుకొనేకి నా తావకే గదా వస్తారు. కలికిరి నుంచి గూడా వస్తారు. ఇట్ల నున్నగా కొట్టేవాడు ఈ చుట్టుపక్కల ఇంగోడు ల్యా."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా దగ్గర అది తప్పని అనుకునేవాళ్ళే లేరు. తాళానికి మారు చెవి చేసినట్టు అదొక పని, అంతే. పాత లారీల వాళ్ళు టెంకాయ పట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

సెంటరుకు వచ్చి నెట్‌లో వెతికాను. పాత కార్లు కొనేవాళ్ళు కారుకు ఇచ్చేది సగమైతే, ఫ్యాక్టరీ కొట్టిన ఆ నెంబరుకు ఇచ్చేది సగం. మళ్ళీ కొట్టిన నెంబరుకు వాళ్ళు పెట్టిన పేరు మోసం. ఒక్కచోట కాదు, చూసిన ప్రతిచోటా అదే మాట.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చెప్తే షెడ్డు పోతుంది. చెప్పకపోతే? తీసిన ఫోటోల్లో ఒకదాంట్లో ఫ్లాష్ వెలుగు సరిగ్గా నాలుగు మీద పడి తెల్లగా కనిపించకుండా పోయింది. ఏరి ఏరి దాన్నే పంపించాను. ఆ పాపం నాదే, మా నాయనకు అందులో వాటా లేదు. మరుసటి రోజుకు పాట పదకొండున్నర అయింది.

వేలం ముగిసేది ఆదివారం సాయంత్రం నాలుగింటికి. మూడూ నలభైకి కరెంటు పోయింది. పక్క జెరాక్సు అంగడి జనరేటరు నుంచి వైరు లాక్కుని కంప్యూటరు తిరిగి వెలిగేసరికి నాలుగూ అయిదు. తెర మీద కురియన్ పేరే ఉంది. పదకొండున్నర.

ఆయన రాసిన ఉత్తరం చిన్నది. మే ఇరవై ఎనిమిదిన జోలార్‌పేటలో బండి మారి కుప్పం స్టేషన్లో దిగుతాను. కారును లారీ ఎక్కించి తేవద్దు, దాని చక్రాల మీద నడిపి తీసుకురండి. ఈ ఎండలో అది కుప్పం చేరి, నెంబరు సరిగా ఉంటే, డీడీ అక్కడే ఇస్తాను.

మా నాయన ఆ వారం రోజులూ నేల మీద లేడు. చెంగయ్య ఇంటికి పోయి, పదో తేదీ లోపలే వస్తానని చెప్పి వచ్చాడు. వాల్వులు సర్ది, బెల్టు మార్చి, చివరికి పంచి పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"యాడబాయ మ్మా? ఈడనే కదా పెట్టింటి. ఆ దొరకు సూపించాల. కారు పనంతా తెలిసినోడంటాండావు, ఆయప్పకు గదా నా పని విలువ తెలిసేది."

పెట్టె మా ఇంట్లో బియ్యం డ్రమ్ము కింద ఉంది. దాచింది నేనే.

"ఆయన కారు కొనేకి వస్తాండాడు నాయనా, నీ సుత్తి కొనేకి కాదు! ఆడికొచ్చి నెంబరు గింబరు అని కథలు సెప్పొద్దు. గమ్మునుండు, నేను మాట్లాడతా."

అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. మా నాయన నా ముఖం వైపు ఒకసారి చూసి, వెతకడం మానేశాడు.

ఇరవై ఎనిమిదిన పొద్దున ఆరింటికే బయల్దేరాము. మా అమ్మ చిత్రాన్నం, ఉడకబెట్టిన గుడ్లు, రెండు బాటిళ్ళ నీళ్ళు కట్టిచ్చింది. మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. పుంగనూరు దాటేసరికి ఎండ చురుక్కుమంది. పలమనేరు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే మూడు లారీలు బానెట్లు ఎత్తుకుని పక్కన నిలబడ్డాయి, రేడియేటర్లు బుసబుసమంటున్నాయి. ఒక డ్రైవరు ఖాళీ డబ్బా ఊపుతూ నీళ్ళు నీళ్ళు అని అరుస్తున్నాడు. మా నాయన ఆగి, తాగే బాటిళ్ళలో ఒకటి ఇచ్చేశాడు.

"సూడు, మనది అడగదు" అన్నాడు నాతో, గేరు మారుస్తూ.

నేనేమో ఆ ఇంజను ఆగిపోతే బాగుండునని అల్లాకు మొక్కుకుంటున్నాను. వి.కోట దగ్గరైనా, పోనీ కుప్పం ఊరి బయటైనా. నా మొర ఎవరు వింటారు? నలభై ఎనిమిదేళ్ళ బండి, మా నాయన చేతిలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

కురియన్ స్టేషను బయట వేపచెట్టు కింద ఎదురుచూస్తున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, చేతిలో తోలుసంచి. కారు ఆగకముందే టోపీ తీశాడు. ఆయనకు మలయాళం, ఇంగ్లీషు. మా నాయనకు తెలుగు, కాస్త ఉర్దూ. ఇద్దరి మధ్యా నేను.

ఆయన సంచిలోంచి చిన్న టార్చి, అద్దం, జర్మనీ నుంచి తెప్పించుకున్న కాగితం తీశాడు. ఆ కాగితంలో ఈ కారు ఫ్యాక్టరీ నెంబర్లున్నాయి. తలుపు కింద చూశాడు, డిక్కీ కింద చూశాడు, ప్రతిదానికీ టిక్కు పెట్టాడు. చివరికి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డైనమో కింద టార్చి వేసి ఒక్కో అంకెనూ చదువుతున్నాడు. నాలుగు దగ్గర ఆగాడు. ఆయన అద్దం తుడుచుకుని, మళ్ళీ చూసి, కాగితం మీద టిక్కు పెట్టి లేచాడు.

"అద్భుతం" అన్నాడు ఇంగ్లీషులో. మా నాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇన్నేళ్ళు ఎంత బాగా కాపాడారు."

"ఏమంటాండాడు?"

"బాగా చూసుకున్నావంట."

చెయ్యి వదలకుండానే మా నాయన రెండో చేత్తో ఇంజను వైపు చూపించాడు. "ఆ నెంబరు నేను కొట్టిందేనని సెప్పమ్మా. పెట్టె దొరకలేదు, లేకుంటే సూపిస్తానని సెప్పు. నాలుగు ఉలితో చెక్కిందని సెప్పు."

నేను నీళ్ళ బాటిలు మూత బిగిస్తూ నిలబడ్డాను.

"సెప్పు మ్మా. యాల అట్ల నిలబడుండావు?"

కురియన్ నవ్వుతూ నా వైపు చూస్తున్నాడు. ఎండ ఎక్కువగా ఉంది, నీళ్ళు తాగుతారా అని మా నాయన అడుగుతున్నారు అంటే సరిపోయేది. పదకొండున్నర లక్షలు, షెడ్డు, సిమెంటు రేకులు, అన్నీ ఆ ఒక్క మాటతో మావయ్యేవి. అయితే ఆ నాలుగును రేపెప్పుడో ఇంకెవడో పట్టుకుంటాడు. ఆ రోజు నాకు పేరు రాదు, మా నాయనకు వస్తుంది, దొంగ అని. ఎక్కడో కొట్టాయంలో, తిరిగి జవాబు చెప్పుకునే వీల్లేని చోట.

చెప్పేశాను. ఎనభై ఒకటి, కొండ, గుజిరీ, ఆకురాయి, ఉలి, అన్నీ. మా నాయన అది తప్పనుకోలేదనీ, తప్పు రాతలు రాసింది నేనేననీ కూడా చెప్పాను. చెప్పడం మొదలుపెట్టినప్పుడు కురియన్ చెయ్యి మా నాయన చేతిలో ఉంది. ముగించేసరికి లేదు.

"ఏమంటాండాడు మ్మా?"

కురియన్ గొంతు పెంచలేదు. దీన్ని ఫోర్జరీ అంటారు, నేను రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది ఆ నెంబరు కోసం, మీ నాన్న సుత్తి దెబ్బల కోసం కాదు అన్నాడు.

"ఇంత నున్నటి పని యాడా సూడలేదంటాండాడు నాయనా" అన్నాను.

ఈయన్ను నమ్మి వచ్చినందుకు నాకు సిగ్గుగా ఉంది అన్నాడు కురియన్.

"నీ చెయ్యి బంగారమంటాండాడు."

మా నాయన తలొంచుకుని రెండుసార్లు ఊపాడు. "మరి కారు?"

"ఇంట్లోవాళ్ళు వద్దన్నారంట. ఈ వయసులో నడపలేననిపిస్తోందంట."

ఆయన కాసేపు కురియన్ వైపే చూశాడు. తర్వాత, "పోనీలే. ఆయప్ప ఎండలో వచ్చినాడు, నీళ్ళియ్యి" అన్నాడు. మిగిలిన బాటిలు అందించాను. కురియన్ వద్దనబోయి, మా నాయన ముఖం చూసి, తీసుకుని తాగాడు.

తిరుగు దారిలో పుంగనూరు దగ్గర చింతచెట్టు నీడన ఆపాడు. చిత్రాన్నం పొట్లం విప్పి తను తిన్నాడు. నాది విప్పనేలేదు. ఆకలి లేదన్నాను.

జూన్ పదకొండున షెడ్డు ఖాళీ చేశాము. చెంగయ్య మంచోడే, సామాను మోయడానికి తన ట్రాక్టరు ఇచ్చాడు. మా నాయన బైపాసు పక్కన నాలుగు రేకుల కింద స్టూలు వేసుకున్నాడు. కారును పాపక్క ఇంటి వెనక టార్పాలిన్ కప్పి పెట్టాము. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, అదే నాకు నరకం. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

నెలాఖరులో మళ్ళీ వేలం పెడదామని కూర్చున్నాను. ఫారంలో ఆ ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోయాను. అప్పుడే మా నాయన సెంటర్లోకి వచ్చాడు. అంతకుముందెప్పుడూ అక్కడికి రాలేదు. చెప్పులు బయట విడిచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నా పక్కన నిలబడ్డాడు.

"ఏం రాస్తాండావు?"

"ఊరికే. మోడలు, రంగు, టైర్లు."

"రాయి. ఇంజను నెంబరు మదనపల్లె ఫక్రుద్దీన్ కొట్టింది, జర్మనీది కాదు అని రాయి. నాలుగు వంకర అని గూడా రాయి."

"నీకెట్లా తెలుసు నాయనా?"

"ఆ పొద్దు ఆయప్ప నా పని మెచ్చుకున్నాడంటివి." ఆయన తెర వైపే చూస్తున్నాడు. "మెచ్చుకొనుంటే నువ్వు అన్నం యాల తిన్లేదు?"

నాకు ఏడుపొచ్చేసింది. సెంటర్లో నలుగురున్నారు, అయినా ఆగలేదు. మా నాయన నా తల మీద చెయ్యి వేయబోయి, గ్రీజు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"నాకు తెలీక చేసినా. తెలిసినాక దాస్తే అది ఇంగోటి" అన్నాడు. తువ్వాలులో చుట్టి తెచ్చిన పంచి పెట్టెను కీబోర్డు పక్కన పెట్టాడు. బియ్యం డ్రమ్ము కింద మా అమ్మ ఊడుస్తుంటే దొరికిందట. "దీని ఫోటో గూడా పెట్టు. కారు కొన్నోళ్ళకు ఇచ్చేస్తా. ఇంగ నాకెందుకు?"

కారు ఆగస్టులో కోయంబత్తూరు లెక్చరరు ఒకాయనకు పోయింది, మూడున్నర లక్షలకు. పంచి పెట్టె ముందు సీట్లో పెట్టుకుని తీసుకుపోయాడు.

నాయన పెట్టె తెచ్చిన రోజు ఫోటో తీయడానికి దాని మూత తెరిచాను. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల అచ్చులు గుంటల్లో వరుసగా ఉన్నాయి. నాలుగు ఉండాల్సిన గుంట మాత్రం ఖాళీగా ఉంది.